గేరుపెట్టె మూతలో గోలీ, స్ప్రింగు, పిన్ను

(నల్లగొండలో ట్రాక్టర్ మెకానిక్ శిక్షణలో ఉన్న పిల్లల ముందు చేసిన ప్రసంగ పాఠం)

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, అందరికీ నమస్తే.

ఈ బల్ల మీద బోర్లించి పెట్టింది ట్రాక్టర్ గేరుపెట్టె టాప్ కవర్. దీంట్ల గేరు మార్చినప్పుడు ముందుకూ వెనక్కీ జారే మూడు షిఫ్టర్ రాడ్లు, వాటికి బిగించి గేర్లను జరిపే మూడు ఫోర్కులు ఉంటయి. పక్కన ఈ గుడ్ల అట్టలో పెట్టినవి జూడండి. ఉక్కు గోలీలు మూడు, స్ప్రింగులు మూడు, వాటి మీద బిగించే బోల్టులు మూడు, రాగి వాచర్లు మూడు, రోల్ పిన్నులు మూడు. రాడ్ల నడుమ జారే చిన్న కడ్డీలు, ఇంటర్‌లాక్ ప్లంజర్లు, రెండు. ఆఖరున ఈ సన్నటి పిన్ను ఒకటే ఒకటి. అన్నీ కలిపితే గుప్పెట్ల పడతయి. కానీ వేసిన గేరు దానంతటదే బయటికి ఎగిరిపడుతున్నదని, గేరు ఇరుక్కుంటున్నదని షెడ్డుకొచ్చే బండ్లల్ల చానా వాటికి రోగం ఈ గుప్పెడు సామాన్లనే ఉంటది. ఇయ్యాల చెప్పేది వీటిని ఎట్ల కూర్చాలె, ఎక్కడ తప్పుతది, ఎందుకు తప్పుతది అన్న సంగతి మాత్రమే.

ముందుగాల ఒక మాట. బండి బండికి కొలతలు మారుతయి. కొన్నిట్ల రెండు రాడ్లే ఉంటయి, కొన్నిట్ల ప్లంజర్ బదులు గోలీలు ఉంటయి. మీ చేతుల ఉన్న బండికి దాని వర్క్‌షాప్ మాన్యువల్ల రాసిన కొలతే కొలత. నేను చెప్పే అంకెలు లెక్క అర్థమయ్యేటందుకు. పద్ధతి మాత్రం అన్నిటికీ ఒకటే.

విప్పేటప్పుడే కూర్చుడు మొదలైతది. కవర్ ఎత్తగానే గేరుపెట్టె నోరు శుభ్రమైన బట్టతోని మూసేయండి. ఒక గోలీ లోపల పడి ఆయిల్ అడుగుకు పోయిందనుకోండి, అది పండ్ల నడుమకొచ్చిన నాడు గేరు పన్ను విరుగుతది. తీసిన ప్రతి సామాను గుడ్ల అట్టలో వరుసగా పెట్టండి. మొదటి రాడ్డువి మొదటి వరుసల, నడిమి రాడ్డువి రెండో వరుసల. ఫోన్ల ఫొటో తీసుకుంటే ఇంకా మంచిది. ఎందుకు ఇంత పట్టింపు అంటే, కొన్ని మోడళ్లల్ల రివర్స్ రాడ్డు స్ప్రింగు మిగతా రెంటికన్న గట్టిది. కంటికి మూడూ ఒక్కతీరుగనే కనబడతయి. అవి కలిసిపోయినయంటే రివర్స్ అలకగ పడ్తది, మొదటి గేరు రెండు చేతులతోని గుంజినా పడది. అప్పుడు డ్రైవరు క్లచ్చును తిడతడు, క్లచ్చుకు ఏ పాపమూ తెల్వది.

రాడ్డును బయటకు జరిపేటప్పుడు గోలీ మీద స్ప్రింగు ఒత్తిడి ఉంటది. రాడ్డు కొస దాటిన క్షణంల గోలీ తుపాకి గుండు తీరు ఎగురుతది. కండ్లకు అద్దాలు పెట్టుకోండి. ముందు బోల్టు విప్పి స్ప్రింగు తీసి, తర్వాత రాడ్డు కదిలిస్తే ఆ బాధే ఉండది. బోల్టు లేకుండా లోపలి నుంచే స్ప్రింగు పెట్టే కవర్లు కూడా ఉన్నయి. వాటికి చేతులు, కవర్ అంచు కలిపి ఒక పెద్ద తెల్ల పాలిథిన్ సంచిల పెట్టి పని చేయండి. ఎగిరినా సంచిలనే పడ్తది.

ఇప్పుడు రోల్ పిన్ను. ఫోర్కును రాడ్డుకు పట్టి ఉంచేది ఇదే. దీన్ని చాలామంది మొల తీరు చూస్తరు. ఇది మొల కాదు, చుట్టిన స్ప్రింగు. నిలువునా చీలిక ఉంది జూడండి. 5 మిల్లీమీటర్ల పిన్ను అని పేరు. మందం కొలిచే వెర్నియర్ పెట్టి కొలిస్తే బయట 5.4 నుంచి 5.6 మిల్లీమీటర్ల దాకా ఉంటది. రంధ్రమేమో 5 నుంచి 5.12. అంటే లోపలికి పోవాలంటే పిన్ను ముడుచుకోవాలె, ఆ మేరకు చీలిక మూసుకోవాలె. ఆ ముడుచుకున్న పిన్ను బయటికి ఒత్తుకుంటనే ఉంటది, ఆ ఒత్తుడే దాన్ని పట్టి ఉంచుతది. అందుకే ఒకసారి తీసిన పిన్నును మళ్ల వేయొద్దు. వెర్నియర్ల పెడితే మీకే తెలుస్తది, అది 5.2కో 5.1కో దిగి ఉంటది. దాని పట్టు అయిపోయింది. 6 మిల్లీమీటర్ల పిన్నైతే కొత్తది 6.4 నుంచి 6.7 ఉండాలె. కొనేటప్పుడు దుకాణంలనే కొలిచి తీసుకోండి. పెద్ద పని కాదది.

కొట్టే పద్ధతి. రాడ్డును వి-బ్లాక్, అంటే వి ఆకారం గాడి ఉన్న ఇనుప దిమ్మె మీద పెట్టండి. వి-బ్లాక్ లేకుంటే తుమ్మ చెక్కల గాడి చేసుకోండి, పిన్ను రంధ్రం కింద చెక్కకు ఒక పెద్ద రంధ్రం పెట్టండి. ఫోర్కు గాలిల వేలాడొద్దు. గాలిల ఉన్న ఫోర్కు మీద కొడితే దెబ్బ అంతా ఫోర్కు మెడకు పోతది. పోత ఫోర్కులైతే సన్నగ పగులుతయి, ఆ పగులు ఆయిల్ కింద కనబడది. ముందు ఫోర్కు రంధ్రం, రాడ్డు రంధ్రం ఎదురెదురు వచ్చినయా లేదా అని పిన్నుకన్న జర సన్నటి పంచి, అంటే పిన్ను కొట్టే ఉక్కు కడ్డీ, దూర్చి చూడండి. పంచి చేతితోని జారిపోవాలె. అది ఆగిందంటే రంధ్రాలు కలువలేదు. అట్లనే పిన్ను కొట్టినరంటే పిన్ను కొస అంచుకు తగిలి ముడుతది, సగం దూరం పోయి ఇరుక్కుంటది. ఇగ ముందుకు పోదు, వెనక్కి రాదు, డ్రిల్లు పెట్టుడే దిక్కు. పిన్ను గట్టి ఉక్కు, డ్రిల్లు బిట్టు పక్కకు జారి రాడ్డును తింటది. ఒక్క నిమిషం చూసుకోక పాయె, రోజంత పని మీద పడ్తది.

పిన్ను కొసకు వాలు ఉంటది, ఆ కొసనే ముందు పెట్టాలె. రంధ్రం అంచుకు బర్రు, అంటే లేచిన ఇనుప పొర ఉంటే సాన రాయితోని తీయండి. మొదటి రెండు మూడు దెబ్బలు 200 గ్రాముల సుత్తెతోని మెల్లగ, పిన్ను నిటారుగ ఉన్నదా అని రెండు దిక్కుల నుంచి చూసుకుంట. పిన్నును వేళ్లతోని పట్టుకుంటే దెబ్బ వేళ్లకే. సన్న మూతి పట్కారుతో పట్టుకోండి. పంచి మాత్రం రోల్ పిన్ను పంచే కావాలె. దాని మొన నడుమ చిన్న బుడిపె ఉంటది, అది పిన్ను బోలుల కూర్చుంటది. మామూలు పంచి పెడితే పిన్ను తల విచ్చుకుంటది, విచ్చుకున్న తల రంధ్రంల దిగది. పంచి మందం పిన్నుకన్న తక్కువ ఉండాలె, లేకుంటే ఆఖరి దెబ్బల్ల అదే రంధ్రంల ఇరుక్కుంటది. పిన్ను ఫోర్కు రెండు దిక్కుల సమంగ ఉండాలె, అర మిల్లీమీటరు లోపలికి ఉన్నా మంచిదే, బయటకు మాత్రం పొడుచుకు రావొద్దు. పొడుచుకొచ్చిన పిన్ను పక్క ఫోర్కుకు రాసుకుంటది.

కొన్ని పెద్ద బండ్లల్ల పిన్నుల పిన్ను ఉంటది. 8 మిల్లీమీటర్ల దాంట్ల 5ది, 10 మిల్లీమీటర్ల దాంట్ల 6ది. పెద్దది ముందు కొట్టి, చిన్నది దాని లోపట కొట్టాలె. రెంటి చీలికలు ఎదురెదురు దిక్కులకు ఉండాలె. రెండు చీలికలు ఒకే దిక్కు పెట్టినరంటే ఆ దిక్కున ఇనుమే లేనట్టు.

ఇంకొకటి, తీసేముందు అది రోల్ పిన్నా, టేపర్ పిన్నా అని చూడండి. టేపర్ పిన్నుకు చీలిక ఉండది, 50 మిల్లీమీటర్ల పొడవుకు 1 మిల్లీమీటరు చొప్పున లావెక్కుతది. దాన్ని సన్న దిక్కు నుంచే కొట్టి తీయాలె. లావు దిక్కు నుంచి కొడితే ఎంత కొడితే అంత బిగుస్తది.

రోల్ పిన్ను దొరకలేదని వెల్డింగ్ రాడ్డు ముక్క కొట్టేటోళ్లున్నరు. మెత్త ఇనుము అది. సాగర్ ఎడమ కాలువ కింద వానాకాలం నాట్లకు కేజ్ వీల్స్ వేసి కరిగెట చేస్తుంటే గేరు మీద ఎంత కుదుపు పడ్తదో మీకు తెలుసు. ఆ ముక్క వారానికి తెగుతది. తెగిన ముక్క ఎక్కడికి పోతది? గేరుపెట్టెలకే. ఇంకొందరు ఫోర్కును రాడ్డుకు వెల్డింగే చేస్తరు. రాడ్డు మీద గోలీ కూర్చునే గుంటలు వేడి పెట్టి గట్టి చేసినవి. వెల్డింగ్ వేడికి అవి మెత్తబడతయి, గోలీ రాపిడికి నెలల్లనే గుంట పల్లమైతది. ఇది చేయొద్దు, ఎవరు అడిగినా చేయొద్దు. రంధ్రం కోడిగుడ్డు తీరు సాగి ఉంటే ఫోర్కు మార్చుడే.

గోలీ, స్ప్రింగుకు వస్తున్న. గేరు పడ్డంక అది పడ్డ చోటనే ఉండటానికి ఇది. రాడ్డు మీద మూడు గుంటలు. నడిమిది న్యూట్రల్, అటొకటి ఇటొకటి గేర్లు. గోలీ గుంటల దిగి కూర్చుంటది, పైనుంచి స్ప్రింగు అదుముతది. గేరు ఎగిరిపడుతున్నదంటే అందరూ స్ప్రింగు మారుస్తరు. స్ప్రింగు ఒక్కటే కారణం కాదు. గుంట అరిగి అంచు గుండ్రమైనా ఎగురుతది. ఫోర్కు అరిగి గేరు పూర్తిగ లోపలికి పోకున్నా ఎగురుతది. గేరు పండ్ల అంచులు అరిగినా, షాఫ్టు బేరింగులు వదులైనా ఎగురుతది. ఒక చిన్న పరీక్ష ఉంది. గేరు వేసిన జాగాల గోలీ గుంట నడుమకు వచ్చిందా, అంచు మీదనే ఆగిందా అని చూడండి. అంచు మీద ఆగిందంటే ఫోర్కు దగ్గర్నో రాడ్డు దగ్గర్నో కొలత పోయింది, కొత్త స్ప్రింగు వేసినా ఫలితం లేదు. దేవరకొండ దిక్కు దిగుడు రోడ్డు మీద వడ్ల ట్రాలీతోని గేరు న్యూట్రల్‌కు ఎగిరితే ఇంజన్ పట్టు పోతది, మొత్తం బరువు బ్రేకుల మీదనే పడ్తది. అందుకే ఇది సుతారంగ చూడాల్సిన పని.

ఫోర్కు ఎందుకు అరుగుతది? దున్నేటప్పుడు గేరు రాడ్డు, అంటే డ్రైవరు పట్టుకునే గేరు లీవరు మీద చెయ్యి పెట్టి ఉంచే అలవాటుకు. ఆ చెయ్యి బరువుకు ఫోర్కు కాళ్లు, తిరిగే గేరు గాడి గోడను ఎప్పటికీ రాసుకుంటనే ఉంటయి. బండి ఇచ్చేటప్పుడు రైతుకు ఈ ఒక్క మాట చెప్పండి.

స్ప్రింగు లెక్క చెప్త, ఇది మంచిగ వినండి. తీగ మందం 1.5 మిల్లీమీటర్లు, చుట్టు నడిమి వ్యాసం 7.5, పనిచేసే చుట్లు 10 ఉన్న స్ప్రింగు అనుకుందాం. దాన్ని ఒక మిల్లీమీటరు నొక్కాలంటే దగ్గర దగ్గర 1.2 కిలోల బరువు కావాలె. కూర్చినంక అది 6 మిల్లీమీటర్లు నొక్కుకొని ఉందనుకుంటే గోలీ మీద 7 కిలోల పైన పడ్తది. ఏండ్లు గడిచి ఆ స్ప్రింగు 2 మిల్లీమీటర్లు పొట్టిదైందనుకోండి. కంటికి తేడా కనబడది. కానీ గోలీ మీద బరువు 5 కిలోల లోపటికి దిగింది, మూడోవంతు పోయింది. అందుకే స్ప్రింగును చూపుతోని కాదు, కొత్తదాని పక్కన నిలబెట్టి వెర్నియర్‌తోని కొలవాలె.

పొట్టిదైన స్ప్రింగును గుంజి పొడుగు చేసుడు పనికిరాదు. గుంజిన తీగ నాలుగు గేర్లకే మళ్ల కూలబడ్తది. లావు తీగ స్ప్రింగు వేస్తే గట్టిగ ఉంటది కదా అంటరు. తీగ 1.5 నుంచి 1.6కు పోతే, అంటే పదోవంతు మిల్లీమీటరుకే, గట్టితనం దాదాపు 30 శాతం పెరుగుతది. డ్రైవరు గేరును లాగుడు కాదు గుద్దుడు మొదలుపెడతడు, గుంటలు అరుగుతయి, ఫోర్కు వంగుతది. ఇంకో ప్రమాదం, లావు తీగతోని చుట్లన్నీ ఒకదాని మీద ఒకటి ఆనుకొని స్ప్రింగు కడ్డీ అయిపోతది. మొత్తం 12 చుట్లు ఉన్న 1.5 తీగ స్ప్రింగు పూర్తిగ నొక్కుకుంటే 18 మిల్లీమీటర్లు. 1.6 తీగైతే 19.2. గోలీ గుంటల నుంచి లేవాలంటే జాగ కావాలె. ఆ జాగ లేకుంటే గేరు కదలనే కదలది. బోల్టు కింద రాగి వాచరు మరిచిపోయినా ఇదే జరుగుతది, బోల్టు వాచరు మందమంత లోపలికి దిగుతది కాబట్టి. పొడుగు బోల్టు వేసినా అంతే. అందుకే బోల్టులు కూడా గుడ్ల అట్టలనే పెట్టమన్న.

గోలీ పెట్టే ముందు రంధ్రాన్ని గాలి పట్టి పొడిగ చేయండి. మూసిన రంధ్రంల ఆయిల్ నిండి ఉంటే బోల్టు బిగిస్తుంటే ఆయిల్‌కు పోయే తోవ ఉండది, అది నొక్కుకోదు, పోత కవర్ పగులుతది. గోలీకి గ్రీజు సన్నగ పూస్తే చాలు, జారిపోకుండ నిలబడ్తది. గోలీని వెలుతురుల తిప్పి చూడండి. చిన్న మచ్చ, చదును కనబడితే మార్చండి. గోలీలను అయస్కాంతం పళ్లెంల రాత్రంత ఉంచొద్దు. అవి అయస్కాంతమై ఇనుప పొడిని పట్టుకుంటయి.

ఇగ అసలు సంగతి, ఇంటర్‌లాక్. ఒక రాడ్డు గేరులకు పోయినప్పుడు మిగతా రెండూ కదలకుండ ఆపేది ఇది. రెండు గేర్లు ఒకేసారి పడితే షాఫ్టు తిరగలేదు. క్లచ్చు వదలగానే ఇంజన్ అన్నా ఆగాలె, పన్నన్నా విరగాలె.

బల్ల దగ్గరకు రండి. మూడు రాడ్లు పక్కపక్కన ఉన్నయి. మొదటి రాడ్డుకు, నడిమి రాడ్డుకు నడుమ ఒక ప్లంజర్. నడిమి రాడ్డుకు, మూడో రాడ్డుకు నడుమ ఇంకో ప్లంజర్. నడిమి రాడ్డుకు అడ్డంగ ఈ సన్న రంధ్రం ఉంది జూడండి, దాంట్ల ఆ సన్న పిన్ను అటూ ఇటూ జారుకుంట ఉంటది. మూడు రాడ్లకూ ఈ వరుసల పక్క గుంటలుంటయి. మొదటి రాడ్డు కదిలినప్పుడు దాని గుంట తొలగిపోతది, ప్లంజరు నడిమి రాడ్డు గుంటలకు నెట్టబడ్తది, నడిమి రాడ్డు లాకైంది. ఆ ప్లంజరే సన్న పిన్నును నెడ్తది, పిన్ను రెండో ప్లంజరును నెడ్తది, అది మూడో రాడ్డు గుంటల దిగుతది, మూడోది కూడా లాకైంది.

కొలతలు ఎట్ల ఉంటయో జూడండి. రాడ్ల నడుమ ఖాళీ 12 మిల్లీమీటర్లు, గుంట లోతు 3 అనుకుంటే ప్లంజరు 15 ఉండాలె, ఖాళీకి ఒక గుంట లోతు కలిపినంత. రాడ్డు వ్యాసం 16 అయితే సన్న పిన్ను 13, రాడ్డు వ్యాసంల నుంచి ఒక గుంట లోతు తీసేసినంత. ఈ లెక్కల మిల్లీమీటరు తగ్గినా లాకు వదులైతది. గేరు గట్టిగ పడుతున్నదని ప్లంజరు కొసను గ్రైండర్ మీద అరగదీసేటోళ్లు తెలిసో తెల్వకో తాళాన్నే తీసేస్తున్నరు.

కూర్చే వరుస ఇది. ఒక చివరి రాడ్డు ముందు ఎక్కించి న్యూట్రల్ల పెట్టండి. ప్లంజరు పెట్టండి. నడిమి రాడ్డుకు సన్న పిన్నును గ్రీజుతోని అంటించి, ఆ పిన్ను రంధ్రం ప్లంజర్ల వరుసకు ఎదురుగ వచ్చేటట్టు చూసుకుంట ఎక్కించండి, అదీ న్యూట్రల్ల. రెండో ప్లంజరు. ఆఖరుకు మూడో రాడ్డు. రాడ్డు లోపలికి పోతలేదంటే సుత్తె పట్టకండి. మీరు ముందు ఎక్కించిన రాడ్డు న్యూట్రల్ల లేదు, ప్లంజరు అడ్డం పొడుచుకొచ్చి ఉంది. వేలు పెట్టి ఆ రాడ్డును జర అటూ ఇటూ ఆడించండి, ప్లంజరు గుంటల పడంగనే కొత్త రాడ్డు చేతితోనే దూరుతది. అక్కడ సుత్తె వాడినరంటే రాడ్డు అంచు లేస్తది, ప్లంజరు మొన చెడుతది.

పరీక్షల ఎక్కువమంది ఇక్కడ మోసపోతరు. మొదటి రాడ్డును గేరులకు నెట్టి నడిమి దాన్ని కదిలించి చూస్తరు, కదలది. సరే అయిపాయె అని బిగిస్తరు. సన్న పిన్ను మరిచిపోయినా ఆ పరీక్ష పాసైతది! ఎందుకంటే పక్కపక్క రాడ్లను ఆపేది ప్లంజరు, పిన్ను కాదు. పిన్ను లేకుంటే కదిలేవి ఈ చివరి రాడ్డు, ఆ చివరి రాడ్డు, రెండూ ఒకేసారి. కాబట్టి మొదటి దాన్ని గేరుల పెట్టి మూడో దాన్ని నెట్టి చూడాలె, మూడో దాన్ని గేరుల పెట్టి మొదటి దాన్ని నెట్టి చూడాలె. ఒక్కో రాడ్డుకు రెండు గేరు జాగాలు ఉన్నయి, మూడు రాడ్లకు ఆరు. ఒక్కో జాగాల మిగతా రెంటినీ అటూ ఇటూ నెట్టి చూడండి. రెండు నిమిషాల పని.

లాకు తీగ, సర్‌క్లిప్పుల సంగతి తొందరగ చెప్పేస్త. ఫోర్కుకు రోల్ పిన్ను బదులు చదరపు తల స్క్రూ ఉంటే దాని తలకు తీగ కట్టాలె. స్క్రూ విప్పుకోవాలంటే తీగ ఇంకా బిగుసుకునే దిక్కుకు కట్టాలె. పాత తీగ మళ్ల వాడొద్దు. సర్‌క్లిప్పు అంటే షాఫ్టు గాడిల కూర్చునే స్ప్రింగు రింగు; దానికి ఒక దిక్కు అంచు గుండ్రంగ, ఇంకో దిక్కు పదునుగ ఉంటది, గోరుతోని తడిమితే తెలుస్తది. ఒత్తిడి వచ్చే దిక్కుకు గుండ్రటి మొహం, దానికి ఎదురు దిక్కుకు, అంటే గాడి గోడకు ఆనే దిక్కుకు పదును మొహం ఉండాలె. 25 మిల్లీమీటర్ల షాఫ్టుకు క్లిప్పు మందం 1.2, గాడి వెడల్పు 1.3. గాడిల మట్టి ఉంటే ఆ చిన్న సందు కూడా మిగలది. కూర్చున్నంక స్క్రూడ్రైవర్ మొనతోని చుట్టూ తిప్పి చూడండి, మొత్తం గాడిల తిరగాలె.

కవర్ దించే ముందు పెట్టెలోని గేర్లన్నీ న్యూట్రల్ల, కవర్‌లోని ఫోర్కులన్నీ న్యూట్రల్ల ఉండాలె. బట్ట తీయడం మరవకండి. గుడ్ల అట్ట ఒకసారి చూడండి, ఏ గుంటలనన్నా ఏమన్నా మిగిలిందా? కవర్ నిటారుగ దించి, ప్రతి ఫోర్కు దాని గాడిల పడ్డదని సందుల నుంచి బ్యాటరీ లైటు వేసి చూసుకోండి. బోల్టులు వేళ్లతో ఎక్కించి, బిగించకముందే గేరు రాడ్డుతోని అన్ని గేర్లు వేసి తీయండి. ఇంజన్ ఆపే ఉంచి, చేతితోని షాఫ్టు తిప్పుకుంట. అప్పుడు బోల్టులు ఎదురెదురువి రెండు మూడు విడతలల్ల బిగించండి, మాన్యువల్ చెప్పిన టార్క్ దాకా. బిగించినంక మళ్ల ఒకసారి అన్ని గేర్లు. బిగించక ముందు అలకగ ఉండి బిగించినంక గట్టిపడితే గాస్కెట్ మందం తప్పు, లేదా కవర్ కింద ఏదో ఇరుక్కుంది. విప్పాలె, వేరే తోవ లేదు.

ఇగ రండి, ఇద్దరిద్దరు బల్ల దగ్గరకు రండి. మొదటి జంటకు ఈ నడిమి రాడ్డు ఇస్తున్న, సన్న పిన్ను నా చేతుల ఉంది. అది లేకుండనే కూర్చి, ఏ రెండు రాడ్లు కలిసి కదులుతయో మీరే చూపెట్టండి.